రైలుపెట్టెకు పేము సీట్లు

లస్మక్కకు తమ్ముడు మొగిలయ్య దండం పెట్టి రాసేది. నేను బాగున్నాను. ఫోనులో నీకు సరిగ్గా వినపడదని కార్డు రాస్తున్నాను. మనసు మాత్రం ఒక చోట నిలవడం లేదు.

ఉప్పుగూడలో పాత రైలుపెట్టెలు బాగుచేసే సంఘం షెడ్డుకు పోతున్నానని చెప్పాను గదా. అందరం జీతం లేకుండా చేసేవాళ్లమే. అక్కడి పెద్ద వెస్లీ, "మీది మేదర పని గదా బాపు, పేము సీట్లు అల్లుతవా?" అని అడిగితే రాదని చెప్పడానికి సిగ్గై తల ఊపాను. నాకొచ్చింది వెదురు తట్టలే. తడి పేమును తట్టకు లాగినట్టే బిగించి అల్లాను, ఆరేసరికి పటపట తెగింది.

రెండు సీట్లు పాడయ్యాక నిన్న వెస్లీ, "ఇగ రెక్సిన్ కొట్టేద్దం" అన్నాడు. ఆ పాత టేకు చెక్కల మీద రెక్సినంటే నా ప్రాణం ఒప్పలేదు. "నాకు రాదు సారూ, మా అక్కకొస్తది. కచ్చేరి కుర్చీలన్ని ఆమెనే అల్లింది" అని చెప్పేశాను. ఆయన నవ్వి, "గా ముచ్చట ముందుగాల్నే చెప్పరాదె? అక్కను పిలువు, నెలాఖరు దాక ఆగుతం" అన్నాడు.

నిన్ను అడగకుండానే నీ తరఫున మాటిచ్చాను. అప్పటి నుంచి కూర్చుంటే లేస్తున్నాను, లేస్తే కూర్చుంటున్నాను.

మోకాళ్ల నొప్పి ఎట్లుంది? బర్రె ఈనిందా? వచ్చేటప్పుడు, అల్లేటప్పుడు పేము జారకుండా రంధ్రాల్లో బిగించే నాయన కొయ్య మేకులు తీసుకురా. పిల్లలకు దీవెనలు. నీకు చేతులు సాగకుంటే పక్కన కూర్చుని తిట్టు, అల్లేది నేను.

నీ తమ్ముడు
మొగిలయ్య