చాందిని కడుపులో ఇసక

చాందినిని మాకు సాకడానికిచ్చిన గుర్రాల డాక్టరమ్మగారికి, అక్కుపల్లి నుంచి దాలయ్య ఇంటిది దణ్ణాలు పెట్టి రాస్తున్నాను.

పందేలు మానేసిన ఆ గుర్రం మంగళవారం చచ్చిపోయిందమ్మా. హైదరాబాదులో గుర్రాలశాలలో పనిచేసినప్పుడు దాన్ని పిల్లప్పట్నుంచీ సాకింది మా ఆయనే కదా. మీరు కబురంపితే కన్నకూతుర్ని తెచ్చుకున్నట్టు తెచ్చుకున్నాడు. మేతతోపాటు ఇసక పోయి కడుపు పట్టేసిందని పలాస నుంచి వచ్చిన పశువుల డాక్టరన్నారు. దాన్ని పూడ్చిన కొబ్బరితోటలోనే మా ఆయన కూకుండిపోయాడు. అన్నానికి పిలిస్తే, "ఈ ఇసకనేలకి తెచ్చి నానే సంపీసినానే" అంటన్నాడు.

మేత తొట్టిలోనే వెయ్యమని మీరు మరీమరీ చెప్పారు. ఆయన టెక్కలి పనికెళ్లిన రోజుల్లో, తొట్టి కడగడానికి ఓపిక్లేక నేలమీద వేసింది నేను. ఆ మాట ఆయనతో అనలేకపోతన్నాను.

దాని కడుపు ముందునుంచే మంచిది కాదని ఆయన పేర ఒక ఉత్తరం రాయండమ్మా. అబద్ధమే. మీ మాటయితే నమ్ముతాడు, నాలుగు మెతుకులు తింటాడు. ఆయనకి చదువు రాదు, నేనే చదివి వినిపించాలి.