చైనా పెట్టెలో మోకాళ్ళ మిషన్

బుజ్జీ,

నువ్వు చైనా నుంచి తెప్పించిన సైకిల్ ఫ్రేము వచ్చింది. పెట్టె నా మంచం కింద ఉంది. ఇంటికి రాగానే ఫ్రేము బయటికి తీసి, దుప్పట్లో చుట్టి, నా బీరువా వెనక దాచెయ్. చవకదని భయపడ్డాను గానీ, కుండ కొనేటప్పుడు చూసినట్టు వేలితో కొట్టి చూశాను. ఎక్కడా పగిలిన మోత లేదు. గుమ్మడికాయంత బరువు కూడా లేదే తల్లీ, దీని మీదా నువ్వు కొండ దిగేది?

పెట్టె మీ నాన్న కంట పడింది. నువ్వు చెయ్యి విరగ్గొట్టుకున్న దగ్గర్నుంచీ సైకిల్ మాటెత్తితే మండిపడుతున్నాడుగా. అందుకని, "నా మోకాళ్ళకి వ్యాయామం మిషన్ రా" అనేశాను. "నీకు చేతకాదులే అమ్మా, సాయంత్రం వచ్చాక నేనే బిగిస్తా" అన్నాడు.

కాబట్టి అటక మీద గోనెసంచిలో ఉన్న నా పాత కుట్టుమిషన్ పెడలూ చక్రమూ దించి, దుమ్ము తుడిచి, ఆ పెట్టెలో సర్దు. ఇనుము, కాలి మీద పడేసుకునేవు, జాగ్రత్త. మీ నాన్న ఆ మిషన్ మీద కుట్టిన లాగూలు తొడుక్కునే పెరిగాడు గానీ, ఏనాడూ దాని ముఖం చూసిన పాపాన పోలేదు. గుర్తుపట్టడు.

కంటి డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. కింద హారన్ మోగించేస్తున్నాడు. చీటీ నీ హెల్మెట్‌లో పెట్టాను, వాడు దాని జోలికి రాడు.

నాన్నమ్మ

ఒకవేళ వాడు, "ఇది నీ కుట్టుమిషన్‌దే కదమ్మా" అన్నాడో, ఆ సంతోషంలో నీ గుట్టు నేనే విప్పేస్తాను. ముందే చెబుతున్నా.