బొంత కడుపు

జూన్ 4, 2001. సోమవారం

తారీకు ఏసినావా? ఏసినాక రాయి. నేను చెప్పింది చెప్పినట్టు రాయాల. నీ సొంత కవిత్వం ఒద్దు.

ఈ రాసేది నా కోడలు శైల. ఫిర్యాదు కూడా దాని మీదనే. ఏం చేసేది... ఈ ఇంట్లో తెలుగు అక్షరం తెలిసింది దానికొక్కదానికే. నేను బడి మొగం చూసిన దాన్ని కాదు. నా కొడుకు చంద్ర కన్నడ బడి. మనమడు కిరణ్ ఇంగ్లీషు బడి. ఇద్దరూ తెలుగు మాట్లాడతారు, రాసేదానికి రాదు. ఈమె కదిరి పిల్ల, డిగ్రీ దాకా తెలుగులో చదివింది. దొంగ చేతికే తాళంచెవి ఇచ్చినట్టు ఉండాది నా పని. అయినా సరే. నోటిమాట ఈ కాటన్‌పేట దుమ్ములో కలిసిపోతాది. కాగితం మీద ఉంటే ఉంటాది.

నా బొంతను కోసి గోడకు తగిలించింది. ఇదీ కేసు.

రాసినావా? చదివి చెప్పు... సరే.

జూన్ 5

ఈపొద్దు చెప్పేదేమీ లేదు. కోపం తగ్గలేదు. అంతే రాయి, చాలు.

జూన్ 7

ఎట్లా జరిగిందో వరసగా.

కాడుగోడికి పోయింటి, నా కూతురు లక్ష్మి ఇంటికి. దాని కూతురు సుధకు నెలలు నిండుతా ఉండాయి. తొలికాన్పు. కొన్నాళ్ళు ఆడనే ఉండి వస్తి. ఎందుకు వస్తి? పెట్టెలోని బొంత తీసి ఎండబెట్టి, తీసుకొని పోదామని. ఈ ఇంటి బిడ్డలు తొట్లె ఎక్కే నాడు ఆ బొంత మీదనే పడుకున్నారు. చంద్ర, లక్ష్మి, సుధ. సుధ బిడ్డా పడుకోవాల.

చెప్పులు విడిచి హాల్లో కాలు పెడితే... టీవీ పైన గోడకు అద్దం చట్రం. దాంట్లో నా బొంత. బొంత కాదు, బొంతలో సగం. అద్దం ఎనక ఊపిరాడకుండా బిగించి.

"ఇదేందే?"

"ప్యాచ్‌వర్క్ అత్తా. వాల్ హ్యాంగింగ్. బాగుండాది కదా?"

"మిగతాది యాడ?"

సోఫా చూపించింది. దిండ్లకు తొడిగిండాది. మా అత్త చీర చెంగు మీద వచ్చేపొయ్యే జనం వీపు ఆనించి కాఫీ తాగేదానికి.

"పెట్టెలో పడిండె అత్తా, పాడైపోతాదని..."

పెట్టెలో పడిండలేదు. దాచిండేది. పడిండేదానికీ దాచిండేదానికీ తేడా తెలియనోళ్ళకు డిగ్రీ యాలిచ్చినారో.

జూన్ 9

హాబీ క్లాసంట. ఆదివారమైతే చాలు, సంచి తగిలించుకొని పోతాది. చిక్కపేటకు పోయి రిబ్బన్లు, పూసలు, బంక డబ్బాలు తెస్తాది.

మంచి కుండ. తెల్ల రంగు పూసి, అద్దం ముక్కలు అతికించి మూల నిలబెట్టింది. నీళ్ళు పోసేదానికి కాదు, చూసేదానికి. ఖాళీ సీసాలకు రంగులు, ఏ మందు తాగినారో ఈ ఇంట్లో అని అడిగేటట్టు. కాళ్ళకు తొడుక్కునే మేజోళ్ళ గుడ్డను తీగకు చుట్టి పూలు. పూలు! వీధి కొనలో మూరలు మూరలు మల్లెలు అమ్ముతా ఉంటే, ఈమెకు మేజోళ్ళ పూలు. తలలో పెట్టుకుంటావా అని అడిగితే, "షో కోసం అత్తా."

వాకిలికి పూసల తోరణం. మామిడాకు కడితే వాడతాది, తీసేస్తాము, పండగ అయిపోయిందని తెలుస్తాది. ఈ పూసలు వాడవు. దుమ్ము పడతాది, అంతే.

నేను చెయ్యలేదా చేతిపని? గోడకు ఎర్రమన్ను అలికి సున్నంతో చుక్కలు పెట్టలేదా? తాటాకు బుట్టలు అల్లలేదా? చేసినాము. ఒకదాన్ని చంపి ఇంకొకదానికి సొగసు చెయ్యలేదు.

ఎదురింటి రత్నమ్మ వచ్చి గోడ చూసి, "ఎష్టు చెన్నాగిదె!" అని కన్నడంలో ఒకటే మెచ్చుకునింది. నేను అటు తిరిగి పడుకుంటి. రత్నమ్మకు కాఫీ ఇచ్చి పంపించింది ఈమె, నా కాఫీ చల్లారిపోయింది.

జూన్ 12

పెన్ను నాకియ్యమంటి. ఇచ్చింది. నవ్వు దాచుకునింది, నేను చూస్తి.

నాకు అక్షరం రాదు. గీసేది వస్తాది. నా ముగ్గులో చుక్క తప్పిందని ఈ వీధిలో ఎవరన్నా అంటే రమ్మను.

ఎదురు పేజీలో ఉండేది నా బొంత. ఏ ముక్క యాడ ఉండాదో అట్లే గీసినా. నడుమ మా అత్త ఎర్ర చెంగు. దాని పక్కన మా ఆయన పంచె అంచు. కింద మా అమ్మ నీలం చీర. బిడ్డ పెరిగినాక బిడ్డ గుడ్డ ఒక ముక్క అంచుకు చేరతాది. ఇది చంద్ర బడి నిక్కరు, ఖాకీది. ఇది లక్ష్మి పూల గౌను. ఇది సుధ మెడకు కట్టిన పాలపట్టీ. నాలుగు మూలలకు మడత పూలు, మేజోళ్ళవి కావు, గుడ్డవి.

శైల అంచు పొడుగునా వేలు పెట్టి చూసింది. "కిరణ్‌ది యాడుండాది అత్తా?" అనింది.

నేను పెన్ను ఎనక్కిస్తి. ఈపొద్దుకు చాలు.

జూన్ 13

నడిమి ఎర్ర ముక్క సంగతి.

బొంత కుట్టేటప్పుడు ఆఖరున మూసేది నడిమి ముక్కనే. దాన్ని బొంత కడుపు అంటాము. మూసేముందర లోపల ఒక జొన్నరొట్టె ముక్క పెట్టాల. ఖాళీ కడుపుతో బొంతను మూయకూడదు. అట్లా మూస్తే, దాని మీద పడుకున్న బిడ్డకు ఎన్ని పాలిచ్చినా ఆకలి తీరదు. పెట్టే చెయ్యి, మూసే చెయ్యి ఒకటి కాకూడదు. రెండూ ఆ ఇంటి ఆడచేతులే అయ్యుండాల. మా అత్త రొట్టె పెట్టింది, నేను మూస్తి. అప్పుడు మా ఇద్దరికీ మాటల్లేవు. ఆమె నన్ను చూసేది కాదు, నేను ఆమెను చూసేదాన్ని కాదు. అయినా ఆమె పెట్టింది, నేను మూస్తి.

ఇదంతా చెప్పి అడిగితి. "ఎర్ర ముక్కలో ఉండింది యాడ పెట్టినావు?"

పెన్ను ఆగింది.

"ఏదో గట్టిగా, నల్లగా ఉండె అత్తా... ఎలకలు పెట్టుకున్న కూడేమో అనుకొని..."

"అనుకొని?"

"మోరీలో పారేసి, ముక్క ఉతికినా."

రాయి. ఆ మాట నీ చేత్తోనే రాయి. మోరీలో.

జూన్ 14

అన్నం ముట్టలేదు. చంద్ర వచ్చి, "ఏమ్మా, ఎండిపోయిన రొట్టె ముక్కకు ఇంత గలాటానా?" అన్నాడు.

నీ కడుపు నిండింది దాంతోనే రా అంటి. అర్థం కాలేదు వానికి. టీవీ పెట్టుకున్నాడు. దాని పైన నా బొంత.

జూన్ 16

నాకొక అనుమానం వచ్చింది. నేను చెప్పేది ఒకటి, ఈమె రాసేది ఒకటైతే? నాకేం తెలుస్తాది?

ఈమె స్నానానికి పోయినప్పుడు పుస్తకం చీరలో దోపుకొని మూల మీద ఊదుబత్తీల అంగడికి పోతి. ఆ శెట్టి తెలుగోడే, తాతల కాలం నుంచి ఈ పేటలోనే ఉండాడు, తెలుగు చదువుతాడు. అద్దాలు తుడుచుకొని మొదటి నుంచి చదివినాడు. మేజోళ్ళ పూల కాడ పొట్ట పట్టుకొని నవ్వినాడు.

"నవ్వేదానికి చూపించలేదప్పా. అన్నీ ఉండాయా లేదా?"

"ఉండాయవ్వా. దొంగ అన్నావా, దొంగ అనే రాసింది. ఏమీ మింగలేదు."

"చంపి అన్నది?"

"అదీ ఉండాది. మా కోడలైతే ఈ పుస్తకం పొయ్యిలో ఏసి ఉండేది."

ఒక్క మాట మార్చలేదు. మార్చింటే పట్టుకొని ఉండేదాన్ని. దానికీ జాగా ఇయ్యలేదు నాకు. ఒళ్ళు ఇంకా మండింది.

ఇంటికొచ్చి పుస్తకం ఉన్న చోటనే పెడితి. ఊదుబత్తీల వాసన వస్తా ఉండాదని ఈమె ఇప్పుడు అంటా ఉండాది. వస్తే రానీ.

జూన్ 18

వచ్చే ఆదివారం క్లాసోళ్ళ ఎగ్జిబిషన్ అంట. ఆ చట్రాన్నే వాకిట్లో ముందర పెడతారంట. టీచరమ్మ "యాంటిక్, యాంటిక్" అని ఒకటే పొగుడుతా ఉండాదంట.

"దింపు," అంటి. "బిడ్డ ఎప్పుడొస్తాదో తెలీదు. కుట్టేదానికి దినాలు కావాల."

"ఎగ్జిబిషన్ కానీ అత్తా, మల్లా విప్పుదాం."

"బిడ్డ నీ ఎగ్జిబిషన్ చూసుకొని పుడతాదా?"

అప్పుడు అనింది. పెన్ను కింద పెట్టి మరీ అనింది. ఆ మాటా రాయమని నేనే చెప్తా ఉండాను, ఒకరి పక్కనే రాసినారని ఎవరూ అనకూడదు. "నా కిరణ్ తొట్లె ఎక్కిన పొద్దు ఈ బొంత పెట్టెలోంచి మీరు తీయనియ్యలేదు. వాడు కదిరి నర్సింగ్ హోంలో పుట్టినాడు, వాని పురిటి మైల ఆడనే పోయింది, ఈడ బొంత యాల అన్నారు. వానికి టర్కీ టవల్ పరిచినా. ఇరవై ఏండ్లు పెట్టెలో పెట్టిండేది, నాకు అందనిది, గోడకైనా పెట్టుకుంటే తప్పా?"

ఆ పొద్దు బొంత ఉతికి ఆరేసినాము. తడిగా ఉండె. అంతే.

రాసినావా? "అంతే" కూడా రాయి.

జూన్ 20

వాన. దిండ్లు ఎత్తి చూస్తి. మా అమ్మ నీలం చీర మీద కాఫీ మరక.

జూన్ 22

కాడుగోడి నుంచి ఫోను. సుధకు ఆడబిడ్డ. తల్లీ బిడ్డా బాగుండారు. పదకొండో దినం తొట్లె.

"బొంత తెస్తావు కదామ్మా?" అనింది లక్ష్మి. ఫోను ఈమె చేతికిస్తి. నువ్వే చెప్పు మీ వదినకు, అంటి. ఈమె ఏం చెప్పిందో నాకు వినపడలేదు. గొంతు తగ్గించి మాట్లాడింది.

జూన్ 24. ఆదివారం

ఎగ్జిబిషన్ దినం.

ఈమె పట్టుచీర కట్టుకుంటా ఉండె గదిలో. చంద్ర ఆటో పిలిచేదానికి పోయినాడు. నేను కుర్చీ ఎక్కితి. మేకు గట్టిది. లాగితి. చట్రం వచ్చింది, నాతో పాటు కిందికి. అద్దం నేలంతా.

నా వేలు తెగింది. అది రాయొద్దు.

శైల వచ్చి నిలబడింది. నేను నెత్తురు చేత్తోనే గుడ్డను చట్రం నుంచి ఊడదీస్తా ఉంటి. అరుస్తాదనుకుంటి. అరిస్తే నాకు పది మాటలు సిద్ధంగా ఉండాయి. అరవలేదు. పరక తెచ్చి అద్దం ఊడ్చింది. ఆటో ఆయప్ప బయట హారన్ కొడతానే ఉండాడు. పోయి పంపించేసి వచ్చింది. పట్టుచీర విప్పి మడత పెట్టింది.

నా వేలికి గుడ్డ కట్టింది. నేను కట్టమనలేదు.

జూన్ 25

పొద్దన్నే నా మంచం మీద దిండ్ల గలీబులు. కుట్లన్నీ విప్పి, దారాలు ఏరి, ముక్కలు ఇస్త్రీ చేసి పెట్టిండాది. మా అమ్మ నీలం చీర మీద మరక పోయిండాది. దేంతో తీసిందో చెప్పదు.

దీనికి నేను మెత్తబడతానని అనుకుంటే, లేదప్పా.

జూన్ 28

గీసిన పేజీ తెరిచి ముందర పెట్టుకొని కుడతా ఉండాను. కన్ను సరిగా కనపడదు. ఈమె సూదికి దారం ఎక్కించి ఇచ్చింది. మల్లా ఇంకో సూది తీసుకొని తాను కూడా కూర్చునింది. రమ్మనలేదు నేను.

కుట్లు చూడాల ఆమెవి! కోడి నడిచినట్టు. "బంకతో అతికించే చెయ్యి, సూది ఎట్లా తెలుస్తాది?" అంటి, విప్పేస్తి. మల్లా కుట్టింది. మల్లా విప్పితి. మూడోసారి బియ్యపుగింజంత వచ్చింది కుట్టు. అప్పుడు విప్పలేదు. బాగుండాదని కూడా చెప్పలేదు.

సాయంత్రం తన పెట్టె అడుగు నుంచి ఒక చిన్న అంగీ తెచ్చింది. పసుపురంగుది, గుండీ ఊడింది. కిరణ్‌ది, నెలల బిడ్డప్పటిది. నా పక్కన పెట్టి లోపలికి పోయింది.

బొంతను కోసేటప్పుడు ఈమె అంచులో ఒక ముక్క పాడుచేసిండాది, అందుకని ఆడ ఒక జాగా ఉండె. జాగా ఉండె కాబట్టి అంగీ ముక్క కుట్టినా. దానికి వేరే అర్థం లేదు. అట్లే రాయి.

జూలై 1. ఆదివారం

రేపు తొట్లె. పొద్దన్నే కాడుగోడికి పోవాల.

బొంత అయిపోయింది. మూలల పూలు కూడా అయిపోయినాయి. ఎర్ర ముక్క ఒకటే, మూడు పక్కలు కుట్టినా, నాలుగో పక్క నోరు తెరుచుకొని ఉండాది. జొన్నరొట్టె చేసి, ముక్క తుంచి చిన్న గిన్నెలో పెట్టినా. సూదిలో దారం ఉండాది.

పెట్టే చెయ్యి, మూసే చెయ్యి ఒకటి కాకూడదు. ఈ ఇంటి ఆడచేతులు. లక్ష్మి వేరే ఇంటిదైపోయింది. రత్నమ్మ ఎదురింటిది. ఎట్లా లెక్కేసినా ఈ ఇంట్లో ఉండే ఆడచేతులు నావీ, ఈ పెన్ను పట్టుకున్న చేతులూ.

నేను అడగను. రాయి. నేను అడగను.

ఈమె అడుగుతాదా? మోరీలో పారేసిన చెయ్యి. అడిగితే ఏమంటానో నాకే తెలీదు. అడగలేదు. తల ఎత్తకుండా రాస్తా ఉండాది.

గిన్నె మా ఇద్దరి నడుమ ఉండాది. రొట్టె చల్లారతా ఉండాది. నేను చెప్పేది ఆపితే ఈమె పెన్ను కింద పెడతాది. పెన్ను కింద పెడితే చేతులు ఖాళీ అవుతాయి. ఖాళీ అయిన చేతులు యాడికి పోతాయో...

ఇంకా చెప్పేది ఉండాది. రాయి. ఆ మేజోళ్ళ పూల సంగతి నేను ఇంకా పూర్తిగా చెప్పలేదు. వీధిలో మల్లెలు అమ్ముతా ఉంటే... రాస్తా ఉండావా? రాయి...