పెద్దాయన ముట్టని మందు

పశువుల డాక్టరు గారికి,

నమస్కారం. మీరిచ్చిన నట్టల మందును మీరు చెప్పినట్టే నీళ్లలో కలిపి, పొద్దున్నే పెరట్లో తొట్టిలో పోశాం. పదకొండు కోళ్లూ దాహంతో నోళ్లు తెరుచుకుని చుట్టూ నిలబడ్డాయి గాని, ఒక్కటీ ముక్కు ముంచలేదు. మా టర్కీ పుంజు తాగందే అవి తాగవు. ఇంట్లో అందరం అతన్ని పెద్దాయన అంటాం. పెద్దాయన తొట్టిలోకి తొంగిచూసి, మా ఆవిడ వైపు ఒక చూపు చూసి, పక్కకు జరిగాడు.

"ఏదో కలిపామని కనిపెట్టేశాడండీ. మీరో గ్లాసు తాగి చూపించండి," అంది మా ఆవిడ.

అన్నట్టు, ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నాను. డెబ్బై కిలోల మనిషి ఆ నీళ్లు తాగితే ఏమైనా అవుతుందా?

గ్లాసు ఖాళీ అయినా పెద్దాయన కదల్లేదు.

"అల్లుడి మాట ఈ ఇంట్లో ఎవరు విన్నారు గనక?" అంటూ మా అత్తగారు గ్లాసు లాక్కుని ముంచుకు తాగారు. ఆవిడ బరువు నలభై అయిదు కిలోలట. పక్కనే కూర్చుని రాయిస్తున్నారు.

సాయంత్రానికి ఆ నీళ్లు పనికిరావన్నారు కదా, పారబోశాం. నట్టలతో కోళ్లు ఇప్పటికే చిక్కి సగమయ్యాయి. దయచేసి ఇంకో సీసా పంపండి, లేదా మీరే వచ్చి పెద్దాయనకు నచ్చజెప్పండి. ప్రస్తుతానికి ఈ ఇంట్లో కడుపులో నట్టల్లేనిది నాకూ మా అత్తగారికీ మాత్రమే.

పెద్దాయన పొద్దుటి నుంచి మా ఇద్దర్నీ రెప్పవేయకుండా చూస్తున్నాడు. రేపటికి మేం బతికుంటే తాగుతాడని మా ఆవిడ ధైర్యం చెబుతోంది.

ఇట్లు,
ఇంతవరకూ బాగానే ఉన్న
కోళ్ల యజమాని