ఎనభై వాక్యాల కాగితం

ప్రియమైన శ్రీమతికి,

నిన్న పడవ వచ్చింది. బియ్యం, కిరసనాయిలు, నీ ఉత్తరం, వాటితోపాటు హెడ్డాఫీసువాళ్ళు పంపిన ఒక వింత కాగితం దిగాయి. ఈ దీవిలో వాతావరణ కేంద్రం పెట్టి ఇన్నేళ్ళయింది. రోజుకు ఎనిమిదిసార్లు గాలీ వానా ఎలా ఉన్నాయని అడిగారు గానీ, మనుషులెలా ఉన్నారని ఎవరూ అడిగిన పాపాన పోలేదు. ఇప్పుడు అడుగుతున్నారు.

అందులో ఎనభై వాక్యాలున్నాయి. ఒక్కోదాని ఎదురుగా 'అవును' అని ఒక సున్నా, 'కాదు' అని ఒక సున్నా. మనకు ఏది నిజమో ఆ సున్నాను పెన్సిలుతో నింపాలి. 'నాకు చీటికీమాటికీ కోపం వస్తుంది.' 'నలుగురిలో ఉన్నా ఒంటరిగా అనిపిస్తుంది.' ఈ రెండోది చదివి వంటాయన, "ఇక్కడున్నదే ముగ్గురం. నాలుగోవాణ్ణి పంపిస్తే అప్పుడు చెబుతానని రాయనా సార్?" అన్నాడు. పెద్దసారు మాత్రం పరీక్షహాల్లో కూర్చున్నట్టు మోచెయ్యి అడ్డం పెట్టుకుని మరీ రాశారు.

సంగతేమిటంటే, ఇక్కడ బాగా కుదురుకున్నామని తేలితే ఇంకో రెండేళ్ళు ఉంచేస్తారట. కుదురుకోలేదని తేలితే ఇంటికి పంపేస్తారట. నన్నేం రాయమంటావు? ఈ వాక్యాలు రాసినవాడెవడో గానీ వాడికి పెళ్ళాం లేదు. ఉంటే ఎనభై ఎందుకు, ఒక్కటి చాలు.

నీ
శ్రీవారు

---

ప్రియమైన శ్రీవారికి,

ఆ పెళ్ళాం లేనివాడు మా పెద్దమేడం. ఆవిడకు ఇద్దరు మనవలు కూడాను! మా హెడ్డాఫీసులో నన్ను నాలుగు నెలల కిందట వేరే సెక్షనుకు మార్చారని రాశాను కదా, ఈ కాగితాలు దిద్దే సెక్షను అదే. బెజ్జాలు కొట్టిన అట్టముక్క ఒకటి ఉంటుంది. దాన్ని కాగితం మీద పెట్టి, బెజ్జాల్లోంచి కనబడే నల్లచుక్కలు లెక్కపెడతాం. కాగితాల మీద పేర్లుండవు, నంబర్లే. అందుకని ఏం రాయాలో నన్ను మాత్రం అడక్కండి. చెబితే నా ఉద్యోగానికి నీళ్ళొదులుకోవాలి. ఉన్నదున్నట్టు రాయండి, అంతే.

ఇక్కడంతా బాగానే ఉంది. నీళ్ళ మోటారు చెడిపోతే నేనే విప్పి బాగు చేసుకున్నాను. మీరు నవ్వితే నవ్వండి. పై గదికి రంగు వేయించాను. ఉండాలో రావాలో మీకు ఏది వీలైతే అదే చెయ్యండి. నా గురించి బెంగ పెట్టుకోకండి.

మీ
శ్రీమతి

---

ప్రియమైన శ్రీమతికి,

మోటారు విప్పావా! పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో దాని జోలికి నిన్ను రానివ్వలేదు నేను. విప్పిన ప్రతిసారీ రెండు మరలు మిగిలిపోయేవి. నీకు మిగల్లేదా? భలేదానివి.

కాగితం నింపేసి ఈ ఉత్తరంతోపాటే పంపుతున్నాను. ఉన్నదున్నట్టే రాశాను. ఇక్కడ గాలి ఎక్కువగా ఉంది. వేరే విశేషాలేమీ లేవు.

నీ
శ్రీవారు

---

శ్రీవారికి,

దీవి కాగితాలు మూడూ నా బల్ల మీదికే వచ్చాయి. పేరు లేకపోతేనేం, మీది నాకు తెలియదా? కిటికీలకు రంగు వేసినప్పుడు గోడలకు కూడా పూసినట్టు, ప్రతి సున్నానూ గీత దాటించి నింపారు.

ఆ ఎనభైలో పది వాక్యాలు ఉత్త ఎర. 'నేనెప్పుడూ ఎవరినీ విసుక్కోలేదు.' 'ఇచ్చిన మాట ఒక్కసారి కూడా తప్పలేదు.' దేవుడు కూడా వీటికి అవునని రాయడు. ఆరింటికి అవునన్నారంటే కాగితం చెల్లదు, మళ్ళీ నింపాల్సిందే. ముందు ఆ పదింటి అట్టే పెట్టి చూస్తాం. పెట్టాను. మీవి అయిదు. ఎవరినీ విసుక్కోలేదట! చెప్పు దొరక్కపోతే చెప్పుల బల్లను తిట్టే మనిషి!

ఇంకొక్క సున్నా నల్లబడితే ఆ కాగితం చెత్తబుట్టలోకి పోతుంది. పెన్సిలు నా చేతిలోనే ఉంది. అడకత్తెరలో పోకచెక్కలా ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు. చివరికి లేచి పక్కబల్ల ఆవిడకిచ్చి, "ఇది మా ఆయనది, నేను దిద్దకూడదు" అన్నాను. ఆవిడ దిద్ది, "అబ్బ, ఎంత కుదురైన మనిషండీ మీవారు! ఎరలు పోను డెబ్భైలో ఒక్కటే పోయింది" అంది. ఏది పోయిందో నేను అడగలేదు. బాత్రూములోకి వెళ్ళి కొళాయి తిప్పుకుని ఏడ్చాను.

ఉండిపోవాలని ఉంటే ఆ మాట నాకే రాయొచ్చు కదా? ఎనభై అబద్ధాలు మా ఆఫీసుకు పంపాలా? సరే, మీ ఇష్టమే నెగ్గింది. ఆరోగ్యం చూసుకోండి.

శ్రీమతి

---

ప్రియమైన శ్రీమతికి,

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నవాడిలా ఉంది నా పరిస్థితి. అబద్ధాలు రాసిన మాట నిజమే. కానీ ఎనభై కాదు, డెబ్భైతొమ్మిది.

ఆ పోయిందేదో నేను చెబుతాను. 'నేను లేకపోయినా నా ఇంట్లోవాళ్ళకు పెద్ద లోటేమీ ఉండదు.' దానికి అవునని నింపాను. 'కాదు' అంటేనే మార్కు వస్తుందని నాకూ తెలుసు. అయినా చెయ్యి అటే వెళ్ళింది.

కాగితం నింపే ముందు నువ్వు రాసిన ఉత్తరాలన్నీ పక్కన పెట్టుకుని చదివాను. మోటారు బాగైంది, గదికి రంగు పడింది, బెంగ పెట్టుకోకండి. ఒక్క ఉత్తరంలో కూడా 'రండి' అని లేదు. నేనున్నప్పుడు ఇల్లు సగం పనులతో పడి ఉండేది. ఇప్పుడు అన్నీ సవ్యంగా జరిగిపోతున్నాయి. అలాంటి ఇంటికొచ్చి నేనేం చెయ్యాలి? నీకు అడ్డం రాకుండా ఉండాలంటే ఇక్కడే ఉండాలి. ఇక్కడ ఉండాలంటే కుదురుకున్నవాడిలా కనబడాలి. అందుకే అలా నింపాను. ఇందులో నా ఇష్టమెక్కడుందో నువ్వే చెప్పు.

రెండేళ్ళ పొడిగింపు కాగితం వచ్చింది. వచ్చే పడవకు సంతకం పెట్టి ఇవ్వాలి.

నీ
శ్రీవారు

---

ప్రియమైన మీకు,

ఆ సంతకం పెట్టకండి.

నేను రాసినవన్నీ పైన పటారం, లోన లొటారం. మోటారును విప్పిన మాట నిజం. మళ్ళీ బిగించడం చేతకాలేదు. అది ఇప్పటికీ ముక్కలుగా గోనెపట్టా మీద ఉంది. కిందింటి పిన్నిగారి కొళాయి నుంచి రోజూ ఆరు బకెట్లు పైకి మోసుకుంటున్నాను. పై గదికి రంగు ఎందుకు వేయించానో తెలుసా? ఆ రెండు రోజులూ ఇంట్లో మనుషుల మాటలు వినబడతాయని. ఆఫీసుకు వెళ్ళేటప్పుడు ముందుగదిలో లైటు వేసి వెళ్తాను, తిరిగొచ్చేసరికి ఎవరో ఉన్నట్టుంటుందని. శనివారం సాయంత్రం తలుపేస్తే సోమవారం దాకా నాతో మాట్లాడే దిక్కుండదు. సోమవారం ఆఫీసులో మొదటి మాటకు గొంతు పెగలదు.

ఇవన్నీ రాస్తే మీరక్కడ అన్నం తినరని రాయలేదు. 'రండి' అని రాస్తే, ఉద్యోగం చెడగొట్టుకుని వచ్చేస్తారని రాయలేదు. రాయకపోతే ఇలా అర్థం చేసుకుంటారని నాకేం తెలుసు!

నిన్న మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళాక ఆ ఎనభై వాక్యాలూ నేనే నింపి, పక్కబల్ల ఆవిడ దొంతరలో పెట్టాను. దిద్దుతూ దిద్దుతూ ఆగిపోయి, "ఈ మనిషెవరో గానీ వెంటనే ఇంటికి పంపించాలి" అంది. "ఇంట్లోనే ఉందండీ, అది నేనే" అన్నాను. ఆవిడ కుర్చీ దగ్గరగా జరుపుకుని కూర్చుంది.

మిమ్మల్ని చూడాలని ఉంది. వచ్చేయండి.

మీ కోసం కళ్ళు కాయలు కాచిన
మీ మనిషి

---

ప్రాణమా,

పడవ ఇక్కడ గంటసేపే ఆగుతుందని తెలుసు కదా. ఆ హడావుడిలో బస్తాలు దించుకుని, మా కాగితాలు అందించి, అది వెళ్ళిపోయాకే ఉత్తరాలు విప్పుతాం. నీ ఉత్తరం నా జేబులో ఉండగానే సంతకం పెట్టిన కాగితం పడవెక్కించేశాను. తర్వాత ఒడ్డున కూర్చుని నీ మొదటి వాక్యం చదివాను. పడవ ఇంకా కనబడుతూనే ఉంది. పిచ్చివాడిలా కేకలు వేశాను. వంటాయన అన్నం గరిటె పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

ఆరోజే పెద్దసారుకు అంతా చెప్పాను. నా కాగితంలో ఉన్నవన్నీ అబద్ధాలని, మళ్ళీ నింపే అవకాశం ఇమ్మని అర్జీ రాశాను. "నీ రికార్డులో మచ్చ పడుతుందయ్యా, ప్రమోషను మాట మర్చిపో" అన్నారు. మర్చిపోతానన్నాను. ఆయన బీరువాలో మిగిలిన కాగితం ఒకటి తీసిచ్చారు.

ఈసారి ఏ వాక్యం దగ్గరా ఆగలేదు. నిద్ర లేదు. ఆకలి లేదు. గాలి వేగం చూసి వచ్చి, రాసుకునే లోపల అంకె మర్చిపోతున్నాను. ఎవరో పిలిచినట్టయి తలుపు తీస్తున్నాను. నేను లేకపోయినా లోటుండదు అన్నదానికి 'కాదు' అని గట్టిగా నింపితే కాగితం చిరిగింది. చిరిగినదాన్నే పంపుతున్నాను. పక్కబల్ల ఆవిడనే దిద్దమను.

పెద్దసారు సాక్షి సంతకం పెట్టడానికి తీసుకుని, అద్దాలు సర్దుకుని మొత్తం చదివారు.

"ఏమయ్యా, ఇంత అధ్వాన్నంగా ఉన్నావా?" అన్నారు.

"మొదటి రోజు నుంచీ ఇంతేనండీ" అన్నాను.

ఎక్కడా కుదురుకోని
నీవాడు