ఆగ్నేయం మూల గోడ

నేవన్,
ఐర్లండ్,
2025 నవంబరు 5, బుధవారం.

చిరంజీవి త్రినాథ్‌కు,

కింది అంతస్తు నుంచి వసుంధర దీవించి రాస్తున్న ఉత్తరం. మేమిద్దరం బాగున్నాం. నువ్వూ, అలేఖ్యా, పాపా బాగున్నారని నెత్తిమీద అడుగుల చప్పుడును బట్టి తెలుస్తూనే ఉంది.

ఆదివారం పట్టిన వాన ఇంకా వదల్లేదు. ఈ రోజు నాకు నర్సింగ్ హోమ్‌లో డ్యూటీ లేదు. పొద్దున్నే చెత్త బిన్నుల గదికి వెళ్ళి చూస్తే తూము ఆకులతో పూడుకుపోయి నీళ్ళు మడమల దాకా నిలబడి ఉన్నాయి. గ్లౌజులు వేసుకుని ఆకులు తీశాను. గేటు సరిగా మూసుకోవడం లేదంటే రిపేరు మనిషిని పిలిపించి దగ్గరుండి చేయించాను. మధ్యాహ్నం మెట్ల దగ్గర కార్పెట్ ఆరబెట్టాను. ఈ బిల్డింగు కంపెనీకి సెక్రటరీ అంటే కుర్చీలో కూర్చుని సంతకాలు పెట్టడం అనుకున్నాను గానీ ఎక్కువగా చీపురుతోనే పని.

ఒకే కప్పు కింద ఉంటూ ఉత్తరమెందుకని నువ్వు అనుకోవచ్చు. ఫోన్ చేస్తే నా నంబరు నీ ఫోన్‌లోకి పోవడం లేదు. నీ తలుపు తట్టడం నాకు ఇష్టం లేదు. పైగా ఏం చెప్పదలుచుకున్నా రాతలోనే చెప్పాలని నీ లాయరు పోయిన వారం కంపెనీకి రాశాడు. నీ ఫ్లాటు అమ్మకానికి కావలసిన జవాబులు ఆలస్యం చేస్తే నా మీద వేరే చర్య తీసుకోవాల్సి వస్తుందని కూడా రాశాడు. సరే, రాతలోనే చెబుతున్నాను. ఇది తెలుగులో ఉంది కాబట్టి ఆయనకు చూపించాలంటే నువ్వే చదివి వినిపించుకోవాలి.

మేం ఈ ఫ్లాటు కొన్నప్పుడు ఇక్కడి పద్ధతి నాకు విడమరచి చెప్పింది నువ్వే. ఫ్లాటు మనదే గానీ నేల, మెట్లు, పైకప్పు మనవి కావని, అవన్నీ ఇంటి యజమానులందరూ సభ్యులుగా ఉన్న కంపెనీవని, మన చేతిలో ఉండేది వందల ఏళ్ళ లీజని చెప్పావు. ఎవరైనా అమ్ముకుని పోవాలంటే కొనేవాళ్ళ లాయరు ఆ కంపెనీని ప్రశ్నలు అడుగుతాడని, జవాబులు వెళ్ళేదాకా అమ్మకం అంగుళం కదలదని కూడా చెప్పావు. అప్పుడు నేను నీకు కాఫీ పోస్తూ విన్నాను. నువ్వు చెప్పినవన్నీ గుర్తున్నాయి.

ఇప్పుడు ఆ ప్రశ్నలు నా దగ్గరికి వచ్చాయి. ఇన్సూరెన్సు ఉందా, పైకప్పుకు రిపేర్లేమైనా రాబోతున్నాయా, ఇలాంటివి చాలావరకు సులువే. ఒక్కటే సులువు కాదు. ఫ్లాటులో గోడలేమైనా మార్చారా, మారిస్తే కంపెనీ అనుమతి ఉందా అని అడిగారు.

నీ గోడ సంగతి ఈ బిల్డింగులో నీ తర్వాత నాకే బాగా తెలుసు. నీ ఫ్లాటులో వంటగది ఈశాన్యంలో ఉంది. ఒంగోలు నుంచి వాస్తు పెద్దమనిషి వీడియో కాల్‌లో ఇల్లంతా చూసి, పొయ్యి ఆగ్నేయం మూలకు మారిస్తేనే పాలు పొంగించమన్నాడు. ఆ మూల వాకిలి పక్కనున్న నడవలో పడింది. నడవకూ హాలుకూ మధ్య ఉన్నది మామూలు గోడ కాదు. లోపల మంట లేస్తే మనుషులు వాకిలి దాటి పోయేలోగా ఆ మంటకు అడ్డు నిలబడే గోడ. దానికి దానంతటదే మూసుకునే తలుపు కూడా ఉండేది. బ్యాంక్ హాలిడే సెలవులకు బిల్డింగ్‌లో సగం మంది ఊళ్ళకు పోయిన రోజుల్లో నువ్వు రెండూ తీయించేశావు. అడిగితే ఏమన్నావో చెప్పనా? "ఏందక్కా, పాతకాలం వాళ్ళలాగా భయపడతావు! మన ఇంట్లో మన గోడకి ఎవుడి పర్మిషన్ గావాలి?" అన్నావు. ఆ కొత్త పొయ్యి మీద మొదట పాలు పొంగించింది నేనే.

దాని మీద నేనప్పుడు ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు. నువ్వు నా చేతి కూడు తిని చదువుకున్న పిల్లాడివి. డబ్లిన్‌లో ఎమ్మెస్ చేసేటప్పుడు శనివారం వస్తే సోమవారం దాకా మా సోఫా మీదే ఉండేవాడివి. ఉద్యోగం వచ్చాక మా పైనున్న ఫ్లాటే కావాలని పట్టుబట్టి కొన్నావు. సొంత తమ్ముడే పైనున్నట్టుందని నేను మా అమ్మకు చెప్పుకున్నాను.

మరి నువ్వేం చేశావు? నేను చేసేదంతా వారానికి రెండు రోజుల వంట. బోమాంట్ ఆసుపత్రి నర్సులకూ, కాలేజీ పిల్లలకూ డబ్బాల్లో పప్పూ, గోంగూరా, చేపల పులుసూ పెట్టి ఇస్తే మీ బావ గోపాలరావు కార్లో పోయి ఇచ్చి వచ్చేవాడు. ఈ దేశంలో నన్ను పేరు పెట్టి అడిగిన మనుషులంతా ఆ డబ్బాల వల్ల వచ్చినవాళ్ళే. ఫ్లాటులో వ్యాపారం లీజుకు విరుద్ధమని, వాసన గురించి ఫిర్యాదు వచ్చిందని అప్పట్లో బిల్డింగు వ్యవహారాలు చూసే ఏజెంటు ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. మానేశాను. ఎవరు ఫిర్యాదు చేశారో తెలియక తెల్లవాళ్ళ ప్రతి ముఖంలోకీ అనుమానంగా చూశాను. మా కింద ఫ్లాటులో ఉండే పాట్ ముసలాయన పలకరిస్తే కూడా తల తిప్పుకుని పోయేదాన్ని. నువ్వు మాత్రం ఆ మర్నాడే వచ్చి పెసరట్టు తిని, "వీళ్ళకి మన తిండంటే కుళ్ళు అక్కా" అని నన్ను ఓదార్చి పోయావు.

ఏజెంటు ఆఫీసు వాళ్ళు మన బిల్డింగు వదులుకున్న రోజు వాళ్ళ అమ్మాయి తాళాలు అప్పజెబుతూ నాతో మాట్లాడింది. నాకు తెలుసనుకునే మాట్లాడింది. పైనున్న మీవాడికి పాపం ఆ వాసనతో చాలా ఇబ్బందైందని, ఇల్లు అమ్మేటప్పుడు చూడటానికి వచ్చినవాళ్ళు ముక్కు మూసుకుంటారని భయపడ్డాడని చెప్పింది. అదే పూట పైకి వచ్చి నిన్ను అడిగాను. నువ్వు లేదనలేదు. "పర్సనల్‌గా తీసుకోకక్కా, లీజులో ఉండేదే గదా. రూల్ ఈజ్ రూల్" అన్నావు.

తర్వాత మీటింగ్‌లో సెక్రటరీగా ఎవరుంటారంటే అందరూ బూట్ల వైపు చూసుకున్నారు. నేను చెయ్యెత్తాను. నువ్వు నవ్వి, "నీకెందుకక్కా ఈ గోల, పో, పొయ్యి మీద పప్పు మాడతదేమో చూసుకో" అన్నావు. వంట మానేసినదానికి చేతినిండా తీరికే కదా, త్రినాథ్.

నిన్న సాయంత్రం అలేఖ్య పాపను వెంటబెట్టుకుని వచ్చింది. వాటర్‌ఫోర్డ్‌లో నీకు యూనివర్సిటీ ఉద్యోగం వచ్చిందని, అక్కడ చూసుకున్న ఇంటివాళ్ళు ఈ నెలాఖరు దాటితే వేరేవాళ్ళకు ఇచ్చేస్తామన్నారని చెప్పింది. "ఆయన తరఫున నేను సారీ చెప్తన్నా అక్కా" అంది. ఫిర్యాదు పెట్టిన నోరు ఆయనది, నీ నోరెందుకమ్మా అరగదీసుకుంటావు అన్నాను. కళ్ళు తుడుచుకుంటుంటే కాఫీ ఇచ్చాను. పాప గుమ్మం దగ్గరే నిలబడి "మామ్, కెన్ వీ జస్ట్ గో?" అని అడుగుతూనే ఉంది.

వాళ్ళు పోయాక గోపాలరావు, "పోనియ్యరాదా, మన వైపు పిల్లోడు" అన్నాడు. మన వైపు పిల్లాడు కాబట్టే పోనివ్వడం లేదు. పాట్ ముసలాయన చేసి ఉంటే ఈ పాటికి మర్చిపోయేదాన్ని.

గోడ లేకపోతే బిల్డింగుకు ప్రమాదమని, అందరి మేలు కోసమే ఇదంతా చేస్తున్నానని రాయవచ్చు. రాస్తే అబద్ధం. ఇది నాకూ నీకూ మధ్య సంగతి.

నాకు కావలసింది చెబుతాను. ఈ ఆదివారం మూడింటికి కింద హాల్లో మీటింగ్ ఉంది. అందరూ ఉన్నప్పుడు లేచి నిలబడి ఆ ఫిర్యాదు నీదేనని చెప్పు. చెబితే నా సంగతి తీరుతుంది. చెప్పకపోతే నీ ఇష్టం. రూల్ ఎక్కడికీ పోదు.

పాపకు నా ముద్దులు.

ఇట్లు,
నీ అక్క అని ఇన్నాళ్ళూ అనిపించుకున్న
వసుంధర


నేవన్,
2025 నవంబరు 10, సోమవారం.

చిరంజీవి త్రినాథ్‌కు,

ఆశీస్సులు. వాన తెరిపిచ్చింది గానీ గాలి మాత్రం విసిరికొడుతోంది. పొద్దున బిన్నులన్నీ పడిపోయి ఉంటే లేపి నిలబెట్టాను. ఇంకాసేపట్లో డ్యూటీకి పోవాలి కాబట్టి ఎక్కువ రాయను.

నిన్న నువ్వు వస్తావనుకోలేదు. వచ్చావు. మొదట ఇంగ్లీషులో, ఏదో అపార్థం జరిగిందని చల్లగా మొదలుపెట్టావు. అది కాదు, జరిగింది చెప్పు అన్నాను. నువ్వు నేల చూపులు చూస్తూ, ఆ వాసన కంప్లైంట్ పెట్టింది నువ్వేనని, ఇంకెవరూ కాదని వాళ్ళందరికీ అర్థమయ్యేలా చెప్పావు. మా ఆయనకు కూడా వినిపించాలి, తెలుగులో చెప్పమన్నాను. గోపాలరావుకు ఇంగ్లీషు వచ్చని నీకూ తెలుసు. అయినా చెప్పావు. "నేనే బావా. అక్క చేతి కూడు తింటానే ఆ పని జేశా" అన్నావు. గోపాలరావు తల ఎత్తలేదు. నేను మాత్రం నిన్ను చూస్తూనే ఉన్నాను.

పాట్ ముసలాయన, ఆ వాసన ఆగిపోతే ఈమె చనిపోయిందేమోనని బెంగపడ్డానని, శనివారాలు దాని వల్లే తనకు ఆకలి పుట్టేదని అన్నాడు. అందరూ నవ్వారు. నువ్వు కూడా నవ్వబోయి ఆగిపోయావు. మీటింగ్ అయ్యాక ఆయన దగ్గరికి పోయి, ఇన్నాళ్ళూ తల తిప్పుకున్నందుకు ఏమీ అనుకోవద్దన్నాను. "యూ'ర్ గ్రాండ్" అన్నాడు, ఏం పర్లేదన్నట్టు.

అలేఖ్య పెద్ద బరువు దిగినట్టు నా చేయి పట్టుకుంది. మెట్ల దగ్గర నువ్వు, "ఇంక జవాబులు పంపిస్తావు గదక్కా?" అని అడిగావు. నేను తల ఊపాను. నీ ముఖం చూస్తే మా సోఫా మీద పడుకున్న ఎమ్మెస్ పిల్లాడి ముఖంలాగే ఉంది. రాత్రి అన్నం ఎట్లా దిగుతోందని గోపాలరావు అడిగాడు నన్ను. బాగానే తిన్నాను.

నీ ఫిర్యాదు సంగతి ఇక నేను ఎత్తను.

ఇట్లు,
వసుంధర

తా.క. లాయరుకు జవాబులు నేను పోయిన మంగళవారం మధ్యాహ్నమే పంపేశాను. అలేఖ్య వచ్చి తలుపు తట్టేసరికి అవి వెళ్ళి నాలుగు గంటలైంది. నీకు మొదటి ఉత్తరం రాసింది ఆ మర్నాడు. గోడ తీసేశారు, అనుమతి లేదు అని ఉన్నది ఉన్నట్టు రాశాను. కొనేవాళ్ళు భార్యాభర్తలు, వాళ్ళ ఇంజనీరు, అమ్మిపెట్టే ఏజెంటు ఈ పొద్దున వచ్చారు. నువ్వు ఆఫీసుకు పోయావు, అలేఖ్య పాపను బడిలో దింపడానికి పోయింది. ఏజెంటు దగ్గర నీ ఇంటి తాళం ఉంది, కింద గేటు తీసి నేనూ వాళ్ళ వెంట పైకి వెళ్ళాను. ఇంజనీరు నడవలో గోడ ఉండాల్సిన చోట నిలబడి పైకప్పు వైపు కాసేపు చూశాడు. కొనబోయే ఆమె తన భర్తతో ఏదో మెల్లగా చెప్పింది. ఇల్లు తమకు వద్దని మెట్ల మీదే ఏజెంటుకు చెప్పేసి, పదిన్నరకు వాళ్ళు వెళ్ళిపోయారు.