వెనక చక్రం కింద రాయి

నాచారం,
17 మార్చి 1968

మా సుశీలక్కకు,

కమల రాస్తున్నది. అందరం ప్రాణాలతో ఉన్నాం. బాగున్నామని మాత్రం రాయలేను. ఈ సంగతి ఇక్కడ ఎవరితోనూ చెప్పుకోలేను. నీకైనా చెప్పకపోతే నా గుండె ఆగిపోయేట్టుంది.

పోయిన వానాకాలం మా పికప్ బండి పచ్చిగడ్డి మోపులతో మూసీ ఒడ్డున ఇరుసు దాకా బురదలో దిగబడిందని రాశాను కదా. గుడిలో అందరూ అయ్యో అన్నారు. అయ్యో అని ఊరుకున్నా బాగుండేది. కోతల పండుగకు సంఘమంతా చందాలు వేసుకుని, మిలిటరీ వేలంలో నాలుగు పెద్ద టైర్లు కొని మా ఆయనకు, అదే నీ మరిదికి, కానుకగా ఇచ్చారు. పాస్టరయ్యగారు ఒక్కో టైరు మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేశారు. సంఘపెద్ద సామ్యేలు మామ వాటికి బంతిపూల దండలు కూడా వేయించాడు. ముందు వరుసలో నిలబడి నేనూ మురిసిపోయాను, పిచ్చిదాన్ని.

మల్లాపూర్‌లో మా బండి చూసే మెకానిక్ ఉమామహేశ్వర్ గారు కోస్తా మనిషి. టైర్లు బిగించేటప్పుడే ఆయన నీ మరిదికి చెప్పాడు.

"చూడు దేవసహాయం, చక్రం ఇంత పెద్దది చేస్తే వెనక ఇరుసులో గేర్లు కూడా మార్చాలయ్యా. లేదంటే ఎత్తు మీద ఇంజను లాగలేదు. బ్రేకు సరిగ్గా పట్టదు. మీటరు ముల్లు కూడా ఉన్నదానికంటే తక్కువ వేగం చూపిస్తుంది."

ఆ గేర్లు మద్రాసు నుంచి రావాలట. నీ మరిది నవ్వాడు. "ప్రార్థన జేసిన టైర్లు సార్. ఏం గాదు" అన్నాడు.

చదును మీద బండి రాజాలాగే పోతుంది. ఉప్పల్ నుంచి వస్తుంటే చెట్లు వెనక్కి పరుగెడతాయి, ముల్లు చూస్తే నెమ్మదిగా పోతున్నట్టు ఉంటుంది. చీర కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంటాను. ఎత్తు వచ్చిందా, ఇక నా పని మొదలు. బండి మూలుగుతుంది, ఆగిపోతుంది, వెనక్కి జారుతుంది. నేను దూకి వెనక చక్రం కింద రాయి పెట్టాలి. గడ్డి కోయడానికి వెంట పోయేదాన్ని, ఇప్పుడు ఒళ్లో రాయి పెట్టుకుని పోతున్నాను. వెనక్కి వచ్చే బండికి ఎవరైనా పక్కకు తప్పుకుంటారు కదా అక్కా, నేను దానికి ఎదురు పోవాలి. మొన్న రాయి పక్కకు జారింది. నా కాలికి, చక్రానికి మధ్య బెత్తెడు సందు కూడా లేదు.

ఇంతకంటే పెద్ద భయం ఈస్టరు గురించి. ఈస్టరు పొద్దున్నే మా సంఘం గుట్ట మీద ఆరాధన చేస్తుంది. నడవలేని ముసలమ్మలను ఈసారి తన బండిలో ఎక్కించుకుపోతానని నీ మరిది మాటిచ్చాడు. వాళ్లలో మా అత్త పాపమ్మ కూడా ఉంది. ఆ దారి నువ్వు చూశావు, ఒక పక్కంతా రాళ్లు కొట్టి తీసిన లోతైన గుంత. పాత టైర్లు కోళ్ల గూటి వెనక ఉన్నాయి కదా, మళ్లీ అవే వేసుకుందామన్నాను.

"సంఘమోళ్లు ఇచ్చిన కానుక పీకేస్తే గుళ్లె మొకం ఎట్ల సూపిస్తవే? జర ధైర్యం ఉండాలె. గీ మాట మళ్ల ఎత్తకు" అన్నాడు.

నాకు ధైర్యం లేదక్కా. ఏం చెయ్యాలో నువ్వే చెప్పు.

భయంతో నీ చెల్లెలు,
కమలకుమారి


నాచారం,
12 ఏప్రిల్ 1968, మంచి శుక్రవారం

సుశీలక్కా,

నీ జవాబు అందింది. "నోరు తెరువు" అని ఒక్క ముక్క రాశావు. తెరిచాను. ఇల్లు ఎలా ఉందో చూస్తే మళ్లీ అలా రాయవు.

ఈ రోజు ఆరాధన అయ్యాక, సాక్ష్యం చెప్పేవాళ్లు లేవవచ్చని అయ్యగారు అన్నారు. నేను లేచాను. "మా బండికి సంఘం పెద్ద టైర్లు ఇచ్చింది" అన్నాను. "స్తోత్రం!" అన్నారు అందరూ. "ఆ టైర్లతో మా ఆయన రోజూ బండి నడుపుతున్నాడు" అన్నాను. "స్తోత్రం!" నాకు ఏడుపొచ్చింది. "వాటితో బండి ఎత్తు ఎక్కదు. వెనక్కి జారుతుంది. మన ముసలమ్మలను అందులో ఎక్కించకండి" అన్నాను. ఈసారి ఎవరూ స్తోత్రం అనలేదు.

సామ్యేలు మామ లేచి, "అంటే మేమిచ్చింది పాడు సొమ్మా బిడ్డా?" అన్నాడు. మగవాళ్ల వైపు కూర్చున్న నీ మరిది తల ఎత్తలేదు.

ఇంటికొచ్చాక నాతో అన్నాడు.

"రేపు పొద్దుగాల ఖాళీ బండి గుట్ట ఎక్కిస్త. అందరు సూస్తరు. నువ్వొచ్చి రాయి పట్టుకో."

"నేను రాను."

"రావా?"

"నన్ను చంపినా రాను."

"రాకుంటె మానె. నాకెవ్వరు వద్దు పో."

పెళ్లయిన నాటి నుంచి ఆయన మాట కాదనడం ఇదే మొదలు. ఆ కోపంలో అనేశాను గానీ, ఇప్పుడు భయమేస్తోంది. నేను పోకపోతే ఆయనకేమన్నా అయితే చంపింది నేనే అవుతాను కదా? అక్కా, ప్రార్థన చేద్దామంటే మాట కూడా రావడం లేదు. మా కోసం నువ్వు చెయ్యి.

నీ కమల


దవాఖానా నుంచి,
16 ఏప్రిల్ 1968

అక్కా,

కంగారుపడి బయల్దేరకు. నీ మరిది బతికే ఉన్నాడు. కాలు విరిగింది, పక్కటెముకలకు దెబ్బ తగిలింది. అతుకుతాయని డాక్టరు చెప్పాడు.

శనివారం పొద్దున నేను పోలేదు. గడప మీదే కూర్చున్నాను. గుట్ట కింద జనం చేరిన సందడి వినిపించింది. ఇంజను మూలుగుతూ పైకి పోయింది, ఆగింది. తర్వాత విన్న చప్పుడు గురించి రాయలేను. చెప్పులు కూడా లేకుండా పరుగెత్తాను. బండి గుంతలో తలకిందులుగా పడి ఉంది, ఆ పెద్ద చక్రాలు ఆకాశం వైపు తిరిగి ఉన్నాయి. ఆయన దారి అంచున రాళ్ల మీద పడి ఉన్నాడు. నేను చంపేశానని అరిచానట, నాకు గుర్తు లేదు. సామ్యేలు మామే ఆయన్ను భుజాన వేసుకుని కిందికి తెచ్చాడు. ఈస్టరు నాడు మగపిల్లలు ముసలమ్మలను కుర్చీల్లో కూర్చోబెట్టి గుట్ట మీదికి మోశారట. మా అత్త మాత్రం ఇక్కడే కొడుకు మంచం పక్కన కూర్చుంది.

నిన్న ఆయనకు బాగా తెలివి వచ్చాక కాళ్లు పట్టుకున్నాను. "నేను రాకపోవడం వల్లే ఇంత అయింది, నన్ను మాఫ్ చెయ్యి" అన్నాను. ఆయన నా మొహం చూసి గట్టిగా ఏడ్చాడు. ఆయన ఏడవడం నేనెప్పుడూ చూడలేదక్కా.

"బ్రేకు తొక్కిన, ఆగలే. అద్దంల ఎనక్కి సూసిన. నువ్వు లేవు. గందుకే దుంకిన. నువ్వు రాయి పట్టుకొని ఆడ ఉంటే నేను దుంకేటోన్నా కమలా? ఇద్దరం గా గుంతలనే ఉండేటోళ్లం."

అప్పటి నుంచి నా చెయ్యి వదలడం లేదు. నిద్రలో కూడా గట్టిగా పట్టుకునే ఉన్నాడు. ఈ ఉత్తరం ఒంటిచేత్తో రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే ఏమనుకోకు.

నీ చెల్లెలు,
కమల